కొత్త ముద్ద గొంతు దిగదెందుకు?

రేషన్ బియ్యం కడిగేటప్పుడు కొన్ని గింజలు నీళ్లపై తేలుతుంటాయి. రంగులో కాస్త తేడాగా కనిపిస్తాయి. ‘ఇవి ప్లాస్టిక్ బియ్యం’ అంటూ చాలా ఇళ్లలో వాటిని ఏరి పారేస్తున్నారు. మీ ఇంట్లో పనిచేసే ఆవిడ ఈ సంగతి మిమ్మల్నీ అడిగే ఉంటుంది. నిజానికి అవి బియ్యప్పిండికి ఐరన్, ఫోలిక్ యాసిడ్, విటమిన్ బి12 కలిపి, యంత్రంలో గింజల్లా తయారుచేసినవి. మామూలు బియ్యంలో వందకు ఒకటి చొప్పున కలుపుతారు. అంటే మనం ఏరి పారేస్తున్నది అదనంగా చేర్చిన పోషకాలనే.

ప్రభుత్వ పథకాల్లో ఇచ్చే బియ్యమంతా 2024 నాటికి ఇలా బలవర్ధకం చేస్తామని 2021 ఆగస్టు 15న ప్రధాని ప్రకటించారు. ఇందుకు కారణం చిన్నది కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, అయిదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం, తెలంగాణలో 70 శాతం. మహిళల్లో రెండు చోట్లా సగానికి పైనే. ఇది పేదలకే పరిమితమైన సమస్య కూడా కాదు. పోషకాన్ని కంచం దాకా తేవడం ప్రభుత్వం చేయగలదు. కంచం నుంచి నోటికి చేరాలంటే మాత్రం అలవాటు, నమ్మకం కావాలి. పిల్లలకు అలవాటు ముఖ్యం, పెద్దలకు నమ్మకం ముఖ్యం. ఈ తేడా తెలియకే ఇళ్లలోనూ, పథకాల్లోనూ తడబడుతున్నాం.

పిల్లలది మొండితనం కాదు

తెలియని తిండిని చూసి వెనకాడటాన్ని వైద్యభాషలో ‘ఫుడ్ నియోఫోబియా’ అంటారు. రెండు నుంచి ఆరేళ్ల మధ్య ఇది ఎక్కువ. పిల్లలు నడక నేర్చి, దొరికిందల్లా నోట్లో పెట్టుకునే వయసులో ఈ అనుమానమే వారిని విషపు ఆకులు, కాయల నుంచి కాపాడేదని శాస్త్రవేత్తల అభిప్రాయం. అందుకే చేదు, ఆకుపచ్చ రంగు అంటే ముందే మొహం తిప్పుకుంటారు. రుచి చూడకుండానే, చూపుతోనే వద్దంటారు. కవల పిల్లలపై జరిగిన అధ్యయనాలు ఇందులో వంశపారంపర్యం పాత్ర కూడా ఎక్కువేనని తేల్చాయి. కాబట్టి ‘నీ గారాబం వల్లే’ అని తల్లిని నిందించడం అన్యాయం.

ఒక కొత్త రుచి అలవాటు కావాలంటే పిల్లలకు ఎనిమిది నుంచి పదిహేనుసార్లు పరిచయం కావాలి. మనమేమో రెండు మూడుసార్లకే ‘వాడికి నచ్చదు’ అని తీర్మానించేస్తాం. ‘పాలకూర తింటే చాక్లెట్ ఇస్తా’ అనే లంచమైతే మరీ చేటు. పాలకూర శిక్ష, చాక్లెట్ బహుమతి అని మనమే నేర్పినట్టవుతుంది.

తాత తిండి మనవడికి కొత్త

2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. ఆ ఏడాదే మన ప్రభుత్వ బడుల్లో రాగి జావ మొదలైంది. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. పాలిష్ బియ్యంలో పది మిల్లీగ్రాములైనా ఉండదు. అయినా ఆ గ్లాసు చూసి ముక్కు మూసుకునే పిల్లలున్నారు. రాయలసీమలో సంగటి, తెలంగాణలో జొన్నరొట్టె, గటక ఒకప్పుడు రోజువారీ తిండి. కాలువల నీళ్లు, 1983లో వచ్చిన రెండు రూపాయల కిలో బియ్యం వరి అన్నాన్ని ప్రతి ఇంటికీ చేర్చాయి. ఆకలి తీరింది, మంచిదే. కానీ రెండు తరాల్లోనే తాత తిన్నది మనవడికి వింతయింది.

దీన్నే తిప్పి చూడండి. మిరప, టమాటా అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. ఇవాళ అవి లేని తెలుగు వంటిల్లు లేదు. ఏ నాలుకా పుట్టుకతో స్థిరపడిపోదు.

పెద్దలకు కావలసింది జవాబు

‘అరవై ఏళ్లుగా రెండు పూటలా అన్నమే తిన్నాను, ఇప్పుడు మార్చమంటారేంటి డాక్టర్‌గారూ?’ షుగర్ ఓపీలో ఇది రోజూ వినే మాట. పెద్దవాళ్లు రుచి గురించే వెనకాడరు. అందులో ఏం కలిపారు, ఎవరు చెప్పారు, ఎందుకు మార్చాలి అన్న ప్రశ్నలు వాళ్లవి. జవాబు దొరకని చోట వాట్సాప్ వీడియో జవాబు చెబుతుంది. బియ్యం విషయంలో జరిగిందదే. తూకం వేసి ఇచ్చారు గానీ, గింజ ఎందుకు తేలుతుందో చెప్పేవారు తక్కువయ్యారు. ప్రతి రేషన్ దుకాణం దగ్గరా, అంగన్‌వాడీలోనూ ఒక్కసారి వండి చూపించినా సగం భయం పోయేది. ప్లాస్టిక్ ఉడికి అన్నం కాదు, ఈ గింజ అవుతుంది.

ఇంట్లో ఏం చేయొచ్చు?

• కొత్తదాన్ని తెలిసినదానితో కలపండి. ఇడ్లీ, దోసె పిండిలో కొద్దిగా రాగిపిండితో మొదలుపెట్టండి.
• ముందు మీరు తినండి. నాన్న కంచంలో లేని ఆకుకూర పిల్లాడి కంచంలో నిలవదు.
• భోజనానికి గంట ముందు బిస్కెట్లు, పాలు ఆపండి. ఒక్క ముద్ద పెట్టి ఊరుకోండి. వద్దంటే మూడు రోజులాగి మళ్లీ పెట్టండి.
• షుగర్ ఉన్న పెద్దలకు ఒక్క పూట, సగం అన్నం బదులు జొన్నరొట్టెతో ఆరంభించండి. బెల్లం వేసిన పల్చటి రాగి జావ మాత్రం షుగర్‌ను త్వరగా పెంచుతుంది.
• బలవర్ధక బియ్యాన్ని గంజి వార్చకుండా అత్తెసరు పెట్టుకోవాలి. తలసేమియా, సికిల్‌సెల్ ఉన్నవారు డాక్టర్‌ని అడిగి వాడాలి. డాక్టర్ రాసిన ఐరన్ మాత్రలకు ఇది బదులు కాదు.

ఎప్పుడు డాక్టర్‌ని కలవాలి?

బిడ్డ బరువు పెరగకపోయినా, నాలుగైదు పదార్థాలు తప్ప ఏదీ ముట్టకపోయినా, గట్టి ఆహారం నోట్లో పెట్టగానే వాంతి చేసుకుంటున్నా పిల్లల డాక్టర్‌కి చూపించండి. మట్టి, సుద్ద, బలపాలు తింటుంటే రక్తపరీక్ష చేయించండి. అది ఐరన్ లోపానికి గుర్తు కావచ్చు. పెద్దల్లో ఇన్నాళ్లూ ఇష్టంగా తిన్న తిండి మీదే హఠాత్తుగా విరక్తి పుడితే వయసు మీదకు తోసేయకండి, పరీక్ష చేయించండి.

ఈసారి మీ ఇంట్లో ఎవరైనా ‘ఇవి ప్లాస్టిక్ బియ్యమా అమ్మా?’ అని అడిగితే రెండు నిమిషాలు కూర్చోబెట్టి చెప్పండి. ఆవిడ ఇంట్లో పిల్లలకు ఆ గింజలు అందేది మీ మాట వల్లే కావచ్చు.