ఉదయ సూర్యుడు, రాత్రి దీపం

జ్ఞానం కోసం చైనాకైనా వెళ్ళాలన్న మాట మన సభల్లో తరచుగా వినిపిస్తుంది. దానిని దైవప్రవక్త (సఅసం) వచనంగా చెప్పడం తగదు. దాని పరంపర ప్రామాణికం కాదని హదీసువేత్తలు తేల్చారు. అయితే ఆ చైనా పెద్దలు విద్యను గురించి చెప్పిన మంచి మాటలు వినడానికి మనకు అభ్యంతరమేమీ లేదు.

క్రీస్తుపూర్వం ఆరవ శతాబ్దంలో జిన్ రాజ్యాన్ని పింగ్ అనే ప్రభువు పాలించేవాడు. డెబ్బై ఏళ్ళ వయసులో చదువుకోవాలని ఉంది గానీ పొద్దుపోయిందని ఆయన తన ఆస్థానంలోని అంధ సంగీత విద్వాంసుడు షీ క్వాంగ్‌తో అన్నాడట. అయితే దీపం వెలిగించండని విద్వాంసుడు బదులిచ్చాడు. ప్రభువు దానిని పరిహాసమనుకున్నాడు. అప్పుడాయన ఇలా వివరించాడు: బాల్యంలోని చదువు ఉదయించే సూర్యుని వెలుగు, నడివయసు చదువు మధ్యాహ్నపు ఎండ, వృద్ధాప్యపు చదువు దీపపు కాంతి. దీపం వెలుగు కొంచెమే అయినా చీకటిలో నడవడం కంటే మేలు కదా!

ఇషా నమాజు తర్వాత మా వద్ద ఖుర్ఆన్ పఠనం నేర్చుకునే పెద్దాయన ఒకరున్నారు. నెరిసిన గడ్డంతో, పిల్లల ఖాయిదా తెరిచి కూర్చుంటారు. ఏడేళ్ళ పిల్లవాడు ఒక్క పూటలో పట్టుకునే 'ఐన్' ఉచ్చారణకు ఆయనకు వారాలు పట్టింది. చిన్నతనంలో తండ్రి మద్రసాకు పంపితే గోడ దూకి పారిపోయేవాడినని ఒకనాడు కంటతడి పెట్టుకున్నారు. తడబడుతూ, కష్టపడుతూ ఖుర్ఆన్ పఠించేవారికి రెండింతల పుణ్యం ఉందన్న హదీసును మేము ఆయనకు గుర్తుచేశాము. ఆయన దీపం వెలిగించుకున్నారు. కానీ పోయిన ఉదయం మాత్రం తిరిగి రాలేదు.

ఆ ఉదయం మన పిల్లల చేతిలో ఇంకా ఉంది. చైనా బాలలు శతాబ్దాలుగా వల్లించిన 'మూడక్షరాల' పాఠ్యగ్రంథం, పేదరికం వల్ల మిణుగురుల వెలుగులో ఒకరు, మంచు వెలుగులో మరొకరు చదువుకున్న వైనాన్ని చెబుతుంది. కుమారుడు చదువు పట్ల అశ్రద్ధ చూపినప్పుడు మెన్షియస్ తల్లి మగ్గం మీది బట్టను కోసివేసిందనీ, సగంలో ఆపిన చదువూ అంతేనని హెచ్చరించిందనీ ప్రతీతి. నేడు మన ఇళ్ళలో వెలుతురుకు కొదవలేదు. అర్ధరాత్రి దాకా పిల్లల ముఖాల మీద ఫోను వెలుగుతూనే ఉంటుంది. దానిని వారి చేతికిచ్చింది మనమే.

నాన్‌జింగ్‌కు చెందిన ముస్లిం పండితుడు లియు జీ పదిహేనవ ఏట చదువుపై మనసు నిలిపారు. ఎనిమిదేళ్ళు చైనా గ్రంథాలు, ఆరేళ్ళు ఇస్లామీయ గ్రంథాలు అధ్యయనం చేశారు. ఆ తర్వాత అదే మూడక్షరాల పద్ధతిలో ముస్లిం బాలల కోసం ధర్మబోధ రచించారు. బడి చదువు, ధర్మవిద్య ఒకదానికొకటి అడ్డమని వాదించే తల్లిదండ్రులు ఈ ఉదాహరణను గమనించాలి.

వృద్ధాప్యం రాకముందే యౌవనాన్ని సద్వినియోగం చేసుకొమ్మని దైవప్రవక్త (సఅసం) ఉపదేశించారు. ఈ రోజు నుండే మగ్రిబ్, ఇషాల నడుమ ఇంట్లోని ఫోన్లన్నీ పక్కన పెడదాం. పిల్లలతో పాటు మనమూ ఒక పుస్తకం తెరుద్దాం. అల్లాహ్ మన సంతానానికి ప్రయోజనకరమైన జ్ఞానాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.