‘మందు పడలేదు’ అన్న మాటకు విలువేది?

ఒక మందు శరీరానికి సరిపోయిందా లేదా అన్నది చెప్పడానికి తెలుగులో ‘పడింది’, ‘పడలేదు’ అనే మాటలు తరతరాలుగా వాడుకలో ఉన్నాయి. ఒకే జబ్బుకు ఒకే మోతాదులో ఇచ్చిన మాత్ర ఒకరికి గుణమిస్తుందని, మరొకరికి వికటిస్తుందని, ఇంకొకరిలో ఏ మార్పూ తేదని జనం అనుభవం మీద గ్రహించిన సత్యం ఆ మాటల్లో ఉంది. అయితే కుంగుబాటుకు మందులు వాడుతున్నవారు ఇదే మాట చెప్పినప్పుడు, దాన్ని కూడా జబ్బు లక్షణంగానో, మందు మానేయడానికి వెతుక్కున్న సాకుగానో కొట్టిపారేయడం ఇళ్లలోనూ ఆసుపత్రుల్లోనూ కనిపిస్తుంది. రోగి చెప్పే ఆ మాట చికిత్సను సరిదిద్దగల సాక్ష్యమని, దాన్ని నమోదు చేయడం వైద్యంలో భాగమని గుర్తించవలసిన సమయం వచ్చింది.

మింగిన మందును విడగొట్టి బయటికి పంపే పనిని ప్రధానంగా కాలేయంలోని ఎంజైములు, అంటే రసాయనిక చర్యలను నడిపే ప్రోటీన్లు, చేస్తాయి. వాటి తయారీకి సూచనలిచ్చే జన్యువులు అందరిలో ఒకేలా ఉండవు కనుక వాటి వేగమూ ఒకేలా ఉండదు. కుంగుబాటుకు విరివిగా రాసే సిటలోప్రామ్, ఎస్సిటలోప్రామ్ మందులను విడగొట్టడంలో సీవైపీ2సీ19 అనే ఎంజైముది ముఖ్యపాత్ర. అది పనిచేయనివారి రక్తంలో మందు పేరుకుపోయి గుండె లయ దెబ్బతినే ప్రమాదం ఉన్నందువల్ల, అటువంటివారికి సిటలోప్రామ్ రోజుకు 20 మిల్లీగ్రాములు మించరాదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ నిర్దేశించింది. ఐరోపా సంతతివారిలో నూటికి ఇద్దరు ముగ్గురిలో కనిపించే ఈ స్థితి దక్షిణాసియా ప్రజల్లో అంతకు కొన్ని రెట్లు ఎక్కువ. గుండెపోటు తరువాత రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే క్లోపిడోగ్రెల్‌ను పనిచేసే రూపంలోకి మార్చేది కూడా ఈ ఎంజైమే కాబట్టి, సిటలోప్రామ్ అతిగా పనిచేసే శరీరంలోనే క్లోపిడోగ్రెల్ చాలినంతగా పనిచేయకపోవచ్చు. దీనిపై ఆ సంస్థ 2010లోనే తీవ్ర హెచ్చరిక జారీ చేసింది.

ఈ తేడాలను అర్థం చేసుకోవడంలో దక్షిణ భారతానికి పాత చరిత్రే ఉంది. 1956లో మద్రాసులో నెలకొల్పిన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం, ఐసోనియాజిడ్ అనే మందును కొందరి శరీరం వేగంగా, కొందరి శరీరం నెమ్మదిగా నిర్వీర్యం చేస్తుందన్న విషయాన్ని స్థానిక రోగుల్లో పరిశీలించింది. వారానికి ఒక్కసారే మందు ఇచ్చే పద్ధతి వేగంగా నిర్వీర్యం చేసేవారిలో అంతగా ఫలించలేదు. నెమ్మదిగా చేసేవారిలో నరాలు దెబ్బతిని అరికాళ్లు తిమ్మిరెక్కే ముప్పు ఎక్కువ. ఆ ముప్పుకు విరుగుడుగా చవకైన బీ6 విటమిన్‌ను జతచేస్తే సరిపోతుందని తేలడంతో, ప్రతి రోగికీ జన్యుపరీక్ష చేయవలసిన అవసరం లేకుండానే సమస్య అదుపులోకి వచ్చింది. కుంగుబాటు మందుల చరిత్ర కూడా ఈ కుదురులోనే మొదలైంది. ఐసోనియాజిడ్‌కు దగ్గరి బంధువైన ఇప్రోనియాజిడ్ తీసుకున్న క్షయ రోగుల్లో కనిపించిన ఉత్సాహమే 1950లలో తొలి కుంగుబాటు మందుల్లో ఒకదానికి దారితీసింది.

తెలుగునాట మరింత దగ్గరి ఉదాహరణ ఉంది. శస్త్రచికిత్సకు ముందు కండరాలను సడలించడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ ప్రభావం మామూలుగా కొద్ది నిమిషాల్లో తగ్గిపోతుంది. దాన్ని విడగొట్టే ఎంజైము లోపించినవారిలో మాత్రం శ్వాస కండరాలు గంటల తరబడి స్తంభించి, అంతసేపూ కృత్రిమ శ్వాస మీద ఉంచవలసి వస్తుంది. తరతరాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకుంటూ వచ్చిన వైశ్య సముదాయంలో ఈ లోపం ఇతరులకంటే చాలా ఎక్కువని పరిశోధకులు గుర్తించారు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాలుపంచుకున్న 2017 నాటి అధ్యయనమూ దీన్ని ప్రస్తావించింది. ఇంట్లో ఎవరికైనా మత్తుమందు ఇచ్చినప్పుడు ఇబ్బంది వచ్చిందా అన్న ఒక్క ప్రశ్నకు జవాబు దొరికితే, వైద్యుడు వేరే మందు ఎంచుకోగలడు.

జన్యువులతోనే అంతా తేలిపోదన్నది కూడా అంతే నిజం. వయసు, మూత్రపిండాల పనితీరు, పొగతాగే అలవాటు, పక్కన వాడే ఇతర మందులు ఫలితాన్ని మార్చేస్తాయి. రొమ్ము క్యాన్సర్‌కు టామాక్సిఫెన్ వాడుతున్నవారికి కుంగుబాటు మందైన పారాక్సెటిన్ ఇస్తే మొదటి మందు పనిచేసే రూపంలోకి మారడం తగ్గిపోతుంది. పైగా కుంగుబాటు మందుల్లో వికారం, నిద్రలేమి వంటివి తొలి రోజుల్లోనే కనిపించి చాలామందిలో తగ్గిపోతాయి కానీ, మేలు తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. అందుచేత ‘పడలేదు’ అన్న మాట కొందరి విషయంలో ‘ఇంకా పడలేదు’ అని అర్థమిస్తుంది. తీవ్రమైన అశాంతి గానీ ఆత్మహత్య ఆలోచనలు గానీ తలెత్తితే, ముఖ్యంగా పాతికేళ్లలోపువారిలో, అదే మాట వెంటనే వైద్యుణ్ని కలవాలన్న హెచ్చరికగా మారుతుంది. ఈ తేడా తేల్చవలసింది వైద్యుడే కనుక రోగి తనంతట తాను మందు హఠాత్తుగా ఆపేయడం ప్రమాదకరం. ఆపవలసి వచ్చినా క్రమంగా తగ్గించడమే మార్గం.

అమెరికాలో సుమారు 4,000 మందితో నిర్వహించిన స్టార్-డి అధ్యయనంలో తొలి మందుతో దాదాపు మూడో వంతు మందికే లక్షణాలు ఇంచుమించు పూర్తిగా తగ్గాయి. తగ్గక మందు మార్చుకున్నవారిలో సుమారు నాలుగో వంతు మంది రెండో మందుతో కోలుకున్నారు. అంటే మొదటి మందు విఫలం కావడం సాధారణమే తప్ప రోగి మనోబలం లోపం కాదు. ఐరోపాలోని 7 దేశాల్లో జరిగి 2023లో వెలువడిన ఒక అధ్యయనంలో, 12 జన్యువుల పరీక్షను బట్టి వివిధ జబ్బుల మందులూ మోతాదులూ నిర్ణయించినప్పుడు దుష్ప్రభావాలు సుమారు 30 శాతం తగ్గాయి. ఆ పరీక్షలు ఇక్కడి సామాన్యుడికి అందుబాటులోకి వచ్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చోవలసిన పనిలేదు.

ఏ మందు, ఎంత మోతాదులో, ఎన్నాళ్లు వాడితే ఏమైందో, రక్తసంబంధీకుల్లో ఎవరికి ఏ మందు పడలేదో ఓపీ చీటీలో రాయడానికి ఒక గడి చాలు. దేశంలో మందుల దుష్ప్రభావాలను సేకరించే ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం 2010 నుంచి నడుస్తోంది. రోగులు కూడా 1800-180-3024 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయవచ్చు. ఈ సంగతి మందుల దుకాణాల గోడలపైనా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోనూ తెలుగులో కనిపించాలి. అరికాళ్ల తిమ్మిరిని రోగి చాదస్తమని కొట్టిపారేసి ఉంటే క్షయ చికిత్సలో విటమిన్ మాత్ర చేరేది కాదు. కుంగుబాటుతో బాధపడేవారి మాటకూ అంత విలువ ఇచ్చినప్పుడే, వారికి పడే మందు వెతికే బాధ్యతను వైద్యం నెరవేర్చినట్టవుతుంది.