కొలతకు ఒదిగిన తలుపు

కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల పల్లెలలో పాత పెంకుటిల్లు కూల్చదలచినప్పుడు గడ్డపార కంటె ముందుగా వాకిటిలోనికి వచ్చేవాడు కలప వ్యాపారి. ఆదిలాబాద్ అడవుల టేకుతో తాతలు చేయించుకొన్న దర్వాజలు, తలుపులు, దూలాలు, మొగురాలు అతని బండికెక్కుతాయి. పైకప్పు తొలగిన మట్టిగోడలు వానకాలానికి నేలపాలవుతాయి.

ఇందుకు గృహస్థులను నిందించడం తగదు. చెదలు, కారే పెంకులు, వాటిని పీకివేసే కోతులు, వీటితో వేగలేకనే వారు స్లాబు ఇంటిని కోరుకొంటున్నారు. కోతుల బెడద ఎరుగనివారే పెంకుటింటి అందాన్ని ఎక్కువగా పొగడుతుంటారు! అయితే బాగుచేయగల ఇంటిని కూడ కూల్చివేయడం విచారకరం.

బాగుచేయడమంటే అంగడిలో దొరికే తలుపును తెచ్చి బిగించడం కాదు. చేతితో పెట్టిన మట్టిగోడ అంతటా ఒకే మందంలో ఉండదు. ద్వారం పైకొలత కింది కొలతకు సరిపోదు. కర్మాగారంలో తయారైన చట్రం అందులో కుదరదు. సందులను సిమెంటుతో పూడ్చితే గోడలోని చెమ్మ బయటికి పోలేక కొయ్యలోనికి ఎక్కుతుంది. ఈ ప్రాంతపు వడ్లవారి పద్ధతి వేరు. వారు ప్రతి ద్వారాన్ని విడిగా కొలుస్తారు. సాధారణంగా దర్వాజ మొత్తం పాడైపోదు. నేలను తాకే అడుగుభాగమే పుచ్చుతుంది. అంతవరకే కోసి, పాత టేకు ముక్కను అక్కడ అమర్చి, కుసిని బెజ్జంలో దిగగొట్టి, కొయ్యచీలతో బిగిస్తారు. ఇట్లే అతుకుపడిన మొగురం మరల దూలాన్ని మోస్తుంది. బందులు లేకుండ గుంతలలో తిరిగే పాతకాలపు తలుపునకు అరిగిన మొనను మార్చడం కూడ ఆ చేతులకే తెలుసు.

సొంత పట్టాభూమిలోని టేకును నరకడానికైనా అటవీశాఖ అనుమతి కావలసిన రోజులివి. ఏళ్ల తరబడి ఎండి గట్టిపడిన కలపను అయినకాడికి అమ్మి, పచ్చి వాసన పోని కొత్త కలపను కొనడం పొదుపు ఎట్లవుతుంది?

జపానులో కొయ్య కట్టడాలను పరిరక్షించే నైపుణ్యాలను 2020లో యునెస్కో మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చింది. తెలుగునాట జరిగిన కృషి ప్రధానంగా పదాలకు సంబంధించినది. భద్రిరాజు కృష్ణమూర్తి 1962లో వ్యవసాయ వృత్తి పదకోశాన్ని వెలువరించారు. ఆ పరంపరలో గృహనిర్మాణ పదాలను బూదరాజు రాధాకృష్ణ కూర్చారు. పదాలు గ్రంథాలకెక్కాయి. ఆ పదాలతో పని నేర్చుకోవలసిన పిల్లలు మాత్రం పట్టణాలలో ప్లైవుడ్ పనికి పోతున్నారు.

పాత ఇంటి మరమ్మతు గుత్తకు ఇచ్చే పని కాదు. విప్పి చూస్తే గాని ఎంత పుచ్చిందో తెలియదు. వడ్రంగిని రోజుకూలికి నిలుపుకొని, ఆయన వెంట పని నేర్చుకొనే యువకునికి కూడ కూలి ఇచ్చే యజమాని ఊరికి ఒక్కడైనా ఉండాలి. వ్యాపారికి కబురు పంపకముందే ఆ వడ్రంగిని పిలిచి, ఉలిమొనతో దర్వాజ అడుగును గుచ్చి చూడమనాలి.