శుక్లపక్షమున భోజనము, కృష్ణపక్షమున మితము

నాచారమునుండి యొక సోదరి మాకిట్లు వ్రాసిరి: "నెలకు రెండేకాదశులు, ప్రతి శనివారమును ఉపవసించుచున్నాను. మూడేండ్లయినను నడుము తగ్గలేదు సరికదా, మెట్లెక్కునపుడు మోకాళ్ళు వణకుచున్నవి. మా యమ్మకు మధుమేహము. నాకును వచ్చునేమో యని భయము." ఈ జాబు చూచి మాకు నవ్వు రాలేదు. రెండేండ్ల క్రిందట మా దశయు నిట్టిదే.

ఏకాదశినాడు మనము అన్నము మానుదుము. మాని ఉప్పుపిండి, సగ్గుబియ్యపు పాయసము, నాలుగు అరటిపండ్లు పుచ్చుకొందుము. మఱునాటి పారణకు గారెలు. దేవుడు దయామయుడు గనుక దీనిని ఉపవాసముగనే లెక్కించునేమో. దర్జీవాని టేపు అట్లు లెక్కింపదు.

ఇంకొక చిక్కు కలదు. తిండిమాత్రమే తగ్గించినచో తగ్గిన బరువంతయు క్రొవ్వు కాదు. అందు నాలుగవవంతు వఱకు కండ మొదలగునవి పోవచ్చును. భోజనానంతరము రక్తములోని చక్కెరను మిక్కిలిగా గ్రహించునది ఆ కండయే. మధుమేహమునకు భయపడు నామె కండను పోగొట్టుకొనుట, దొంగలకు వెఱచి తలుపు పీకివేసికొనుట వంటిది.

కావున బరువులెత్తవలెను. ఈ మాట ఇంట ననగానే మా అత్తగారు "ఆడుదానికి కండలేల?" యనిరి. వారి తల్లిగారు రోకలిపోటు వేసి, తిరుగలి త్రిప్పి, బావినీరు చేదినవారే. నేడు మిక్సీయు మోటారును ఆ పనులు చేయుచున్నవి. వీరఘట్టమున బుట్టిన కోడి రామమూర్తిగారిని పొగడు మనము, అదే శ్రీకాకుళపు బిడ్డ కరణం మల్లీశ్వరిని మఱవరాదు. 2000వ సంవత్సరమున సిడ్నీలో మొత్తము 240 కిలోలెత్తి, ఒలింపిక్ పతకము పొందిన తొలి భారతీయ మహిళ యైనది ఆమెయే.

మనకంత యవసరము లేదు. మావారు ఉప్పలులోని బడికి బయలుదేఱిన పిదప, వారమునకు మూడుదినములు అరగంట చాలును. కుర్చీలో కూర్చుండి చేతుల యూత లేక లేచుట, గోడకు చేతులానించి ముందునకు వంగి వెనుకకు నెట్టుట, 5 కిలోల బియ్యపుసంచిని వెన్ను వంపక నేలనుండి ఎత్తుట. పండ్రెండుమార్లు సులువైనచో బరువు పెంపవలెను; పెంపనిచో కండకు పెరుగ బనిలేదు. మోకాలు నొచ్చునపుడు ఎత్తైన కుర్చీతో నారంభింపుడు.

ఇక భోజనము. 2017లో ప్రకటితమైన టాస్మేనియా పరిశోధనలో, రెండువారములు మితముగను రెండువారములు మామూలుగను తిన్న స్థూలకాయులగు పురుషులకు, ఎడతెగక తగ్గించినవారికంటె ఎక్కువ క్రొవ్వు పోయెను. 2021లో వ్యాయామము చేయువారిలో జరిగిన మఱొక పరిశోధనలో క్రొవ్వు విషయమున భేదము కానరాలేదు. విరామము గలవారికి ఆకలి బాధ మాత్రము తక్కువ. మాకదియే చాలును. మన పంచాంగమున పక్షములు సిద్ధముగనే యున్నవి గదా! కృష్ణపక్షమున దినమునకు 400 కేలరీలు, అనగా సుమారు 300 గ్రాముల అన్నమంత, తగ్గింతుము. శుక్లపక్షమున కడుపునిండ తిందుము, అంతకుమించి కాదు. కిలో క్రొవ్వునకు సుమారు 7,700 కేలరీలు గనుక నెలకు ముప్పాతిక కిలో తగ్గవలెను. పండుగలు వచ్చిన నెలలలో అదియు తగ్గదు.

అన్నము తగ్గినను మాంసకృత్తులు తగ్గరాదు. 1918లో కూనూరున బుట్టి 1958లో మన హైదరాబాదునకు వచ్చిన జాతీయ పోషకాహార సంస్థ తార్నాకలోనే యున్నది. దాని లెక్కప్రకారము కిలో బరువునకు దినమునకు 0.83 గ్రాములు వలయును. 60 కిలోల స్త్రీకి 50 గ్రాములు. పెసరట్టు, పప్పు, పెరుగు, తినువారికి గ్రుడ్లు. బరువులెత్తువారికి ఇంకను కొంచె మెక్కువ మేలు. మూత్రపిండవ్యాధి కలవారు, గర్భిణులు, చక్కెరకు మందు వాడువారు వైద్యు నడుగక దీనికి పూనుకొనరాదు; మందుతో తిండి తగ్గించినచో చక్కెర హఠాత్తుగా పడిపోవచ్చును.

ఎనిమిదినెలలలో మా నడుము 92 సెంటీమీటర్లనుండి 86కు దిగినది. 80 లోపునకు రావలె నందురు, ఇంకను దూరమే. మొన్న నీళ్ళబ్బాయి 20 లీటర్ల డబ్బాలు రెండు గడపలో నుంచి పోగా, ఒకదానిని మేమే ఎత్తి బల్లపై బెట్టితిమి. అత్తగారు వంటింటినుండి తొంగిచూచి, "గా రెండోది గూడ ఎత్తు మరి" యనిరి.