కాగితం మీద విశ్రాంతి

2025 డిసెంబరు మొదటి వారం గుర్తుంది కదూ? ఇండిగో విమానాలు వందల కొద్దీ రద్దయిపోయి, దేశంలో ఎయిర్‌పోర్టులన్నీ రైల్వే ప్లాట్‌ఫారాల్లా తయారయ్యాయి. డిసెంబరు 5న ఒక్కరోజే వెయ్యికి పైగా విమానాలు ఎగరలేదు. శంషాబాద్‌లో అయ్యప్ప మాల వేసుకున్న స్వాములు వెళ్లే దారి లేక బైఠాయించారు. హుబ్బళ్ళిలో ఒక కొత్త జంట తమ రిసెప్షన్‌కి తామే చేరుకోలేక, భువనేశ్వర్ నుంచి తెర మీద కనబడి అతిథులకి నమస్కారాలు పెట్టారు. నవ్వాలో ఏడవాలో తెలియని పరిస్థితి!

ఆ వారం రోజులూ ఎక్కడ నలుగురు కలిసినా ఒకటే మాట. "పైలట్లకి ఎక్కువ విశ్రాంతి ఇవ్వాలని కొత్త రూలు పెట్టారట, దానివల్లే ఇదంతా" అని. "లక్షల్లో జీతాలు తీసుకుంటారు, వాళ్లకి ఇంకా విశ్రాంతేమిటి?" అన్నవాళ్లూ ఉన్నారు. పెళ్లికో పరీక్షకో ఇంటర్వ్యూకో వెళ్లాల్సినవాళ్లకి కోపం రావడంలో తప్పు లేదు. కానీ ఆ కోపం పోయి తగలవలసిన చోట తగిలిందా అన్నదే నా సందేహం.

ఎందుకంటే ఆ రూలు రాత్రికి రాత్రి ఆకాశం నుంచి ఊడిపడలేదు. విమానయాన డైరెక్టరేట్, అదే డీజీసీఏ, 2024 జనవరిలోనే దాన్ని ప్రకటించింది. ఆ ఏడాది జూన్‌లో అమలు కావాలి. కంపెనీలు "ఇప్పుడే కాదు, మా దగ్గర అంతమంది పైలట్లు లేరు" అన్నాయి. వాయిదా పడింది. పైలట్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టు మెట్లెక్కితే, చివరికి కొన్ని నియమాలు 2025 జూలై 1 నుంచి, మిగతావి నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చాయి.

ఇంతకీ అందులో ఏముందంటారా? వారానికి 36 గంటలుండే విశ్రాంతిని 48 గంటలు చేశారు. అర్ధరాత్రి నుంచి తెల్లవారుజాము 5 గంటల దాకా ఉన్న 'రాత్రి' లెక్కని 6 దాకా పెంచారు. ఆ రాత్రి వేళలో ఒక పైలట్ ఆరుసార్లు విమానాన్ని దింపవచ్చన్న పాత వెసులుబాటుని రెండుసార్లకి కుదించారు. అంతే. ఇదేమీ గొంతెమ్మ కోరిక కాదు.

దేశంలో విమానం ఎక్కే ప్రతి పదిమందిలో ఆరుగురికి పైగా ఎక్కేది ఆ ఒక్క కంపెనీ విమానాలే. దాదాపు రెండేళ్ల ముందే తెలిసిన పనికి సరిపడా పైలట్లని సమకూర్చుకోలేదు. ప్రణాళికలో లోపం జరిగిందని తర్వాత వాళ్లే ఒప్పుకున్నారు. కానీ డిసెంబరు 5న జరిగిందేమిటి? ఆ కంపెనీకి 2026 ఫిబ్రవరి 10 దాకా మినహాయింపు. సరిగ్గా ఏ రెండింటికి? రాత్రి లెక్కకీ, రాత్రి దిగే సంఖ్యకీ! అప్పటి విమానయాన మంత్రి మన శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడే. జనం అవస్థ చూసి చేశామన్నారు. ఆ కంపెనీ విమానాల్లో పది శాతం తగ్గించమని కూడా తర్వాత ఆదేశించారు, అది మెచ్చుకోవాల్సిందే. మొదటి రోజే ఆ పని చేసి, నిద్ర జోలికి వెళ్లకుండా ఉంటే ఇంకా బావుండేది.

అదే రోజు ఇంకో మార్పు జరిగింది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. పైలట్ పెట్టుకున్న సెలవుని వారపు విశ్రాంతి కింద జమ కట్టకూడదన్న ఆదేశం ఉండేది. దాన్ని అన్ని కంపెనీలకీ ఎత్తేశారు. జ్వరం వచ్చి రెండు రోజులు మంచం మీద పడుకుంటే, "నీ ఆదివారం అయిపోయిందిగా" అన్నట్టన్నమాట!

నిద్రకి లంచం ఇవ్వలేం

అలసట ఇతరులకి కనబడదు. కాలు విరిగితే కట్టు కనిపిస్తుంది. నిద్ర చాలని మనిషి మామూలుగానే నడుస్తాడు, నవ్వుతాడు, జవాబులూ చెబుతాడు. పదిహేడు గంటలు వరసగా మేలుకున్న మనిషి చురుకుదనం కొంచెం మద్యం తాగిన మనిషి స్థాయికి పడిపోతుందని 1997లోనే శాస్త్రజ్ఞులు పరీక్షించి చెప్పారు. తాగి వచ్చిన పైలట్‌ని పట్టుకోవడానికి ఊదించే యంత్రం ఉంది. నిద్రలేని పైలట్‌కి అలాంటి యంత్రం లేదు, అతని మాటే సాక్ష్యం.

అందులోనూ రాత్రి రెండు నుంచి ఆరు దాకా వేళ వేరు. ఎంత విశ్రాంతి తీసుకున్నా ఆ సమయంలో ఒళ్లు నిద్రని అడుగుతుంది. 2010 మే 22న మంగళూరులో ఏం జరిగిందో చూడండి. దుబాయ్ నుంచి తెల్లవారుతుండగా వచ్చిన ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ విమానం రన్‌వే దాటి లోయలో పడింది. 166 మందిలో 158 మంది పోయారు. కాక్‌పిట్‌లో మాటలు రికార్డు చేసే యంత్రంలో కెప్టెన్ గురక వినిపించింది. దాదాపు గంటన్నరకి పైగా నిద్రపోయి, దిగే ముందు లేచాడాయన. గాఢ నిద్ర నుంచి లేచిన మత్తు వదలకుండానే, వద్దు మళ్లీ పైకి తీసుకెళదామని కో-పైలట్ చెబుతున్నా, దింపేయబోయాడని విచారణ తేల్చింది. ఆ విచారణే ఆయనకి డ్యూటీకి ముందు తగినంత విరామం ఉందని కూడా చెప్పింది. అంటే రోస్టర్ కాగితం తప్పు లేదు. అయినా ఒళ్లు నిద్రపోయింది.

రాత్రి డ్యూటీ చేసే మనిషి ఉన్న ఇంటి ఇల్లాలికి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. నర్సు కానివ్వండి, బస్సు డ్రైవరు కానివ్వండి, పొద్దున పడుకున్న మనిషిని కూరగాయల బండి కేక లేపుతుంది, కుక్కరు విజిల్ లేపుతుంది, కరెంటు పోయి ఫ్యాన్ ఆగినా లేస్తాడు. ఎనిమిది గంటలు మంచం మీద ఉన్నాడని మనం లెక్క వేస్తాం. నిద్ర ఎంతసేపు పట్టిందో అతనికే తెలియాలి.

మన దేశంలో పైలట్లలో సుమారు 15 శాతం మంది ఆడవాళ్లు. ప్రపంచ సగటుకి దాదాపు మూడు రెట్లు! గర్వంగానే ఉంటుంది. కానీ రాత్రి విమానం నడిపి ఉదయం ఇంటికొచ్చిన అమ్మాయికి రోస్టర్‌లో రాసిన విశ్రాంతి, పిల్లాడి టిఫిను డబ్బా దగ్గరే కొంత కరిగిపోతుంది. ఆ మాట ఏ రూలులోనూ ఉండదు.

ఇల్లు ఒక ఊరు, డ్యూటీ ఒక ఊరు

పైలట్ల ఇబ్బందుల్లో మనకి అంతగా తెలియనిది రాకపోకల గొడవ. అమెరికాలో చాలామంది పైలట్లు ఒక ఊళ్లో కాపురం ఉండి, ఇంకో ఊళ్లో డ్యూటీ ఎక్కుతారు. కంపెనీ తన స్థావరాన్ని మారుస్తూ ఉంటుంది, జీవితభాగస్వామి ఉద్యోగం, పిల్లల బడి మాత్రం మారవు. అందుకని ఏదో ఒక విమానంలో ఖాళీ సీటు చూసుకుని డ్యూటీకి వెళతారు. ఆ ప్రయాణం డ్యూటీ కాదు, కనక ఎవరి లెక్కలోకీ రాదు. అటు విశ్రాంతి కూడా కాదు.

2009 ఫిబ్రవరి 12 రాత్రి న్యూయార్క్ రాష్ట్రంలో బఫెలో దగ్గర కోల్గన్ ఎయిర్ విమానం ఒక ఇంటి మీద కూలి యాభై మంది చనిపోయారు. కో-పైలట్ ఇరవై నాలుగేళ్ల అమ్మాయి. పుట్టింట్లో ఉంటోంది, అది దేశానికి పడమటి కొస సియాటిల్ దగ్గర. డ్యూటీ తూర్పు కొస నెవార్క్‌లో. ముందు రాత్రి సరుకు విమానాల్లో, మధ్యలో ఒక చోట మారి, దేశం ఆ చివర నుంచి ఈ చివరకి వచ్చింది. సిబ్బంది గదిలో సోఫా మీద కాసేపు నడుం వాల్చింది. కెప్టెన్ కూడా ముందు రాత్రి అక్కడే గడిపాడు. అక్కడ రాత్రిపూట పడుకోకూడదన్నది కంపెనీ రూలు! మరి హోటల్ గది తీసుకోవచ్చుగా? ఆ అమ్మాయి ఏడాది జీతం పాతిక వేల డాలర్లు కూడా లేదు. జలుబుతో బాధపడుతూ, ఇంట్లో ఉండగానే ఇలా ఉంటే వచ్చేదాన్నే కాదు, ఇక్కడిదాకా వచ్చాక ఇప్పుడు సెలవు పెడితే హోటల్ ఖర్చు నెత్తిన పడుతుంది అన్న అర్థం వచ్చేట్టు మాట్లాడడం రికార్డయింది. ఆ మాట చదివినప్పుడు నాకు కడుపులో తిప్పినట్టయింది.

ప్రమాదానికి అసలు కారణం హెచ్చరిక వచ్చినప్పుడు కెప్టెన్ చేయాల్సినదానికి విరుద్ధంగా చేయడమేనని దర్యాప్తు బోర్డు తేల్చింది. ఇద్దరూ అలసటతో ఉండి ఉండొచ్చు గానీ అది ఎంత దోహదం చేసిందో తేల్చలేమంది. ఆ బోర్డు అధ్యక్షురాలు డెబొరా హెర్స్‌మన్ మాత్రం ఒప్పుకోలేదు. అలసటని కారణాల జాబితాలో చేర్చాల్సిందేనని విడిగా రాసి పెట్టారు. అక్కడితో ఆగిపోయేదేమో గానీ, చనిపోయినవాళ్ల కుటుంబాలు వదల్లేదు. ఫోటోలు పట్టుకుని పార్లమెంటు చుట్టూ తిరిగారు. 2010లో చట్టం వచ్చింది. అంతకు ముందు విశ్రాంతిని ఎనిమిది గంటలకి కూడా తగ్గించే వీలుండేది, హోటల్‌కి వెళ్లి రావడం అందులోదే. 2014 జనవరి నుంచి పది గంటలు, అందులో ఎనిమిది గంటలు నిద్రకి ఆటంకం లేని అవకాశం ఉండాలన్నారు.

సరుకు విమానాలకి మాత్రం ఈ రూలు వద్దన్నారు, ఖర్చెక్కువవుతుందట. 2013 ఆగస్టు 14 తెల్లవారకముందే బర్మింగ్‌హామ్‌లో యూపీఎస్ సరుకు విమానం కూలి ఇద్దరు పైలట్లూ పోయారు. బయలుదేరే ముందు వాళ్లిద్దరూ మాట్లాడుకున్నది ఈ తేడా గురించే, మనకెందుకు వేరే రూలు అని. వాళ్లలో కో-పైలట్ ఒక మహిళ. సెలవు సమయాన్ని సరిగా వాడుకోక ఆమె అలసిపోయిందని దర్యాప్తులో రాశారు. తప్పు ఉంటే ఉండొచ్చు. రాత్రిళ్లు పనిచేయించే పద్ధతి గురించి కూడా అంత సూటిగా రాస్తే బావుండేది.

మన దగ్గర కంపెనీల పద్ధతులు ఇంకో రకం. కెప్టెన్ ఉద్యోగం మానాలంటే ఏడాది, కో-పైలట్ అయితే ఆరు నెలలు ముందు నోటీసివ్వాలని 2017లో నిబంధన పెట్టారు. నచ్చకపోతే మానేయొచ్చుగా అనడం మనకి తేలికే. 2024లో విస్తారా కంపెనీ ఎయిరిండియాలో కలిసే ముందు, ఎగిరినా ఎగరకపోయినా డెబ్భై గంటలకి ఇచ్చే కనీస జీతాన్ని నలభై గంటలకి దించితే, పైలట్లు ఒక్కసారిగా రాకపోయి విమానాలు ఆగిపోయాయి. అప్పుడూ మనం తిట్టింది వాళ్లనే.

కొత్త నియమాల్లో ఇంకొకటుంది. మూడు నెలలకోసారి పైలట్ల అలసట మీద కంపెనీలు డీజీసీఏకి నివేదిక ఇవ్వాలి. అలసిపోయామని రాసిస్తే పక్కన పెడుతున్నారని, రోస్టర్‌లో కక్ష తీర్చుకుంటారనే భయంతో చాలామంది రాయడమే మానేస్తున్నారని పైలట్ల సంఘాల ఫిర్యాదు. టిక్కెట్టు మీద ఏ ఛార్జీ ఎంతో రూపాయితో సహా విడదీసి చూపిస్తున్నారు కదా, ఈ మూడు నెలల్లో ఎంతమంది అలసిపోయామన్నారు, ఎంతమంది మాట ఒప్పుకున్నారు అన్న రెండు అంకెలు కూడా డీజీసీఏ ప్రతి కంపెనీ పేరు పక్కనా రాసి అందరికీ చూపించాలి. టిక్కెట్టు కొనేముందు మనం ధర చూస్తాం, వేళ చూస్తాం. ఆ అంకెలు కూడా చూసుకునే వీలు మనకి ఎందుకు లేదు?