డీసెలు పన్నును సరిహద్దు లారీలును

హోసూరు సీమయందలి కెలమంగలమునుండి టొమాటోలు, క్యాబేజీ, గులాబిపూలు బెంగుళూరు బజారునకు పోవుట నేఁటి మాట కాదు. దూరము సుమారు 60 కిలోమీటర్లు. కాని జూజువాడి దాటి అత్తిబెలె చేరునప్పటికి లారీ వేఱొక రాష్ట్రమున ప్రవేశించును. 1956లో భాషలనుబట్టి ఎల్లలు దిద్దినపుడు, తెలుఁగు, కన్నడము, తమిళము కలసి వినవచ్చు ఈ ప్రాంతము మద్రాసు రాష్ట్రముననే నిలిచినది. బజారు మాత్రము ఎల్లకావల నుండిపోయినది.

1988 నాఁటి మోటారు వాహనముల చట్టము, 88వ సెక్షను ననుసరించి, ఒక రాష్ట్రపు పర్మిటు వేఱొక రాష్ట్రమున చెల్లవలెనన్న అచటి అధికారుల ప్రతిసంతకము కావలెను. లేదా జాతీయ పర్మిటు పొందవలెను. 2010లో దీని రుసుము సాలునకు 15,000 రూపాయలుగా నిర్ణయించి, 2012లో 16,500 చేసిరి. ఢిల్లీ, కలకత్తాల వఱకు తిరుగు లారీకి ఇది చవుకయే. బెంగుళూరు దాటి యెఱుఁగని లారీ యజమానియు ఆ మొత్తమునే చెల్లింపవలయుట మాకు న్యాయముగ తోఁచదు. పండ్రెండేండ్లు దాటిన రెండిరుసుల లారీకి ఆ పర్మిటు దొరకనే దొరకదు. పల్లెల బాడుగలకు తిరుగునవి తఱచు అట్టి పాతబండ్లే గదా! సరుకుతోఁ గూడ 3,000 కిలోలు మించని బండికి పర్మిటే అక్కఱలేదు. కావున భారమెల్ల నడిమివాని నెత్తినఁ బడుచున్నది.

డీసెలు సంగతి మఱియు విచిత్రము. 2017 జూలై 1వ తేదీన వస్తుసేవల పన్ను వచ్చినను డీసెలును దాని వెలుపలనే యుంచిరి. రాష్ట్రపు పన్ను బంకు ఎచటనున్నదో ఆ రాష్ట్రమునకే చెందును; అరిగిన రోడ్డు ఎవరిదైననేమి? తమిళనాడు 2020 మే నెలనుండి నూటికి 11 వంతున, లీటరుకు మఱి 9.62 రూపాయలును తీసికొనుచున్నది. కర్ణాటకము 2025 ఏప్రిలులో తన రేటును నూటికి 21.17కు పెంచినది. కృష్ణగిరి జిల్లాకు ఉత్తరముననున్న ఆంధ్రలో నూటికి 22.25, లీటరుకు నాలుగు రూపాయలు, రోడ్ల సుంకము ఇంకొక రూపాయి. కుప్పమునుండి వచ్చు డ్రైవరు ఎల్ల దాటినపిదపనే ట్యాంకు నింపుకొన్నచో తప్పుపట్టుట మాకు చేతకాదు.

అమెరికాలో దీనికొక మార్గము కనిపెట్టిరి. 1983లో మూడు రాష్ట్రములతో ఆరంభమైన ఇంధనపు పన్ను ఒడంబడికలో ఇపుడు 48 రాష్ట్రములును, కెనడాలోని 10 ప్రాంతములును గలవు. డీసెలు ఎచటఁ గొన్నను, ఏ రాష్ట్రమున ఎన్ని మైళ్ళు నడచెనో మూఁడు నెలలకొకసారి స్వరాష్ట్రమున లెక్క చెప్పిన చాలును. మిగిలిన సర్దుబాటు ప్రభుత్వములదే. మనకది దుర్లభమని కొందఱందురు. టోలుగేట్లయందు ఫాస్టాగు ప్రతి లారీ జాడను వ్రాసిపెట్టుచునే యున్నదిగదా!

డీసెలును వస్తుసేవల పన్నులోఁ జేర్చుటకు సమయము రాలేదని 2021 సెప్టెంబరులో లక్నోలో కూడిన కౌన్సిలు తేల్చినది. ఆదాయము వదలుకొనుటకు ఏ రాష్ట్రమును సిద్ధముగా లేదు. పర్మిటుల విషయమట్లు కాదు. 88వ సెక్షను క్రింద రెండు ప్రభుత్వములు తమలోఁ దాము ఒడంబడిక చేసికొనవచ్చును. ఎల్లనానుకొన్న తాలూకాల లారీలకు, పరిమితదూరమునకు, స్వల్పరుసుముతో ప్రతిసంతకము లభింపఁజేయవలెనని మేము కోరుచున్నాము. అట్టి ప్రతిపాదనమును ముందుగా గెజెటులోఁ బ్రకటించి, వచ్చిన విన్నపములను విచారింపవలెనని ఆ సెక్షనే చెప్పుచున్నది. కెలమంగలపు లారీవానికి గెజెటు చదువు తీరిక లేదు. చెన్నపురిలోని మన వకీళ్ళకు కలదు.