మార్చురీ బయట అడిగే ప్రశ్న

నార్కట్‌పల్లి మీదుగా పోయే హైదరాబాద్–విజయవాడ రహదారి ఎందరిని పొట్టన పెట్టుకుందో ఈ ప్రాంతపు సంఘాలకు మేము చెప్పనక్కర లేదు. ప్రమాదం జరిగితే ముందు కేసు, ఆ తర్వాత పంచనామా, పోస్టుమార్టం. మార్చురీ బయట చెట్టు కింద కూర్చున్న బంధువులు అడిగేది ఒక్కటే, "బాడీ ఎప్పుడిస్తరు?" అని. ఆ ఘడియలో ఒక డాక్టరు వచ్చి "మీ అబ్బాయి మెదడును పరిశోధనకు ఇస్తారా?" అంటే మనలో ఎంతమంది ఓపికగా వింటాం?

బెంగళూరులోని నిమ్హాన్స్‌లో ఈ ప్రశ్న అడగడం కొత్త కాదు. డాక్టర్ ఎస్.కె. శంకర్ చొరవతో 1995లో అక్కడ మానవ మెదడు బ్యాంకు మొదలైంది. నరాల జబ్బులతో, మానసిక జబ్బులతో చనిపోయినవారి మెదళ్లే కాదు, రోడ్డు ప్రమాదాల్లో పోయి పోస్టుమార్టానికి వచ్చినవారి మెదళ్లు కూడా బంధువుల సమ్మతితో తీసుకుంటారు. కొంత భాగం ఫార్మలిన్‌లో, కొంత భాగం మైనస్ 80 డిగ్రీల చలిలో ఉంచుతారు. పరిశోధకులు అడిగినప్పుడు అందులోంచి చిన్న ముక్కలు ఇస్తారు.

జబ్బు మనిషి మెదడు సరే, ఆరోగ్యంగా ఉన్న మనిషిది ఎందుకు? పక్కన పెట్టి పోల్చకపోతే తేడా తెలియదు గనుక. 1960లో వియన్నా నగరంలో ఎరింగర్, హోర్నికీవిచ్ అనే ఇద్దరు చేసిన పని ఇదే. పార్కిన్సన్స్ జబ్బుతో చనిపోయినవారి మెదళ్లను, ఆ జబ్బు లేనివారి మెదళ్లను తీసుకొని డోపమిన్ అనే రసాయనం ఎంత ఉందో కొలిచారు. జబ్బు ఉన్నవారిలో అది బాగా తగ్గిపోయి ఉంది. మరుసటి ఏడాదే ఆ లోటు తీర్చే లెవోడోపాను రోగులకు ఇచ్చి చూస్తే, మంచం పట్టినవారు లేచి నడిచారు. ఈ రోజు మన సంఘంలో చేతులు వణికే పెద్దాయన పూటపూటకూ వేసుకునే సిండోపా మాత్రలో ఉన్నది ఆ మందే. ఆ మెదళ్లు ఎవరివో ఆయనకు తెలియదు. వారిలో కొందరు ఆరోగ్యంగానే బతికి, వేరే కారణంతో పోయినవారు.

నల్లగొండ జిల్లాకు ఫ్లోరైడ్ గురించి ఒకరు నేర్పక్కర లేదు. వంగిన నడుము, బిగిసిన కీళ్లు కంటికి కనిపిస్తాయి, ఎక్స్‌రేలో తెలుస్తాయి. అందుకే దాన్ని జబ్బు అని ఒప్పుకున్నాం, నీళ్ల కోసం కొట్లాడాం. స్కిజోఫ్రీనియా అలా కనిపించదు. స్కానింగ్‌లోనూ "ఇదిగో ఇదీ" అని వేలు పెట్టి చూపించలేరు. కనిపించనిదానికి మనం వేరే పేర్లు పెట్టాం. దయ్యం అన్నాం, చేతబడి అన్నాం, విశ్వాసం చాలలేదు అన్నాం. ఉపవాస ప్రార్థనలో కూర్చోబెట్టి మాత్రలు మాన్పించిన సంగతులు మాకూ తెలుసు. అలాంటి ఇంట్లో జబ్బును బతికినన్నాళ్లూ దాచిపెడతారు, చనిపోయాక ఇక ఎవరికి చెబుతారు? పరిశోధనకు బాగా కావలసిన మెదళ్లు ఇలా చెప్పుకోలేనివారివే. ఈ మౌనంలో సంఘానికీ వాటా ఉంది, ఒప్పుకోవాలి.

పునరుత్థాన దినాన దేహం ఎలా లేస్తుంది అన్న భయం కొందరిది. దాన్ని మేము తేలిక చేయము. కానీ యాకోబు దేహాన్ని ఐగుప్తు వైద్యులు నలభై దినాలు సుగంధ ద్రవ్యాలతో సిద్ధపరచారని ఆదికాండము చివరి అధ్యాయం చెబుతుంది. దానివల్ల ఆయన నిరీక్షణకు లోటు వచ్చిందని ఎవరూ అనలేదు. అగ్నిలో, సముద్రంలో పోయిన విశ్వాసుల సంగతి కూడా మనకు తెలిసిందే. పైగా మెదడు ఒక్కటే ఇస్తే దేహం ఇంటికే వస్తుంది. కోత జుట్టు చాటున ఉంటుంది, ముఖం చెదరదు. తల దెబ్బ కేసులో పోస్టుమార్టానికి పుర్రె ఎలాగూ తెరుస్తారు.

కొన్ని సంగతులు ఉన్నవి ఉన్నట్టు చెప్పాలి. జీవన్‌దాన్ కార్డు మెదడుకు వర్తించదు, అది మరొకరికి అమర్చే అవయవాలకు. నేత్రదానం వేరు, దానికి ఆరు గంటల్లోపు కబురు చేయాలి. నార్కట్‌పల్లిలో మెడికల్ కాలేజీ ఉంది కదా అంటే, కాలేజీలకు ఇచ్చే దేహదానం విద్యార్థుల చదువు కోసం. మెదడును మాత్రం ప్రాణం పోయిన కొన్ని గంటల్లోనే తీసి భద్రపరచాలి, మనకు బెంగళూరు ఆరు వందల కిలోమీటర్ల దూరం. కాబట్టి ఈ ఊళ్లో ఇంటి దగ్గర కన్నుమూసినవారికి ఇది ఇప్పుడైతే కష్టమే. కానీ చికిత్స కోసం నిమ్హాన్స్‌కు వెళ్లే కుటుంబాలు మన సంఘాల్లో ఉన్నాయి. వారిని ఈ ప్రశ్న అడగవచ్చు. అప్పుడు భార్య ఊఁ అన్నా మేనమామ వద్దంటాడు, మేనమామ ఊఁ అన్నా ఊరి పెద్ద ఒప్పుకోడు, చివరికి అందరూ ఫోన్ చేసేది పాస్టరుగారికే. ఆయన అప్పటికప్పుడు ఏం చెబుతారు? ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దల కమిటీ కూర్చున్నప్పుడు, సమాధి తోట ప్రహరీ గోడ లెక్కలతో పాటు ఈ మాట కూడా ఒకసారి ఎత్తితే బాగుంటుంది.